గూడు తలుపు వేశావా?

ఇలా రా తల్లీ, దగ్గరగా జరుగు. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు, అది లేకపోతే ప్రపంచమేమీ ఆగిపోదు. తలుపు ఓరగా వెయ్యి. మీ నాన్న వచ్చి విన్నా విననీ, నాకేం భయం లేదు. మీ అమ్మకి మాత్రం ఇది ముందుగా నా నోటినుంచి వినపడకూడదు. ఎందుకో చివర్లో చెప్తాను, తొందరపెట్టకు.

పొద్దున జరిగింది చూశావు కదా. మీ అమ్మ స్నానాల గదిలో ఉంది. మీ నాన్న హాల్లో కాళ్ళు చాపుకుని పేపరు చదువుకుంటూ "గేటేశావా?" అని అడిగాడు. తల ఎత్తలేదు. పేపరు మడవలేదు. లోపల్నుంచి నీళ్ళ చప్పుడు మధ్యలో "ఆఁ, వేశా!" అంది మీ అమ్మ. అని ఊరుకుందా? చెవి వెనక సబ్బు నురగ అలాగే ఉండగా, జుట్టు నుంచి నీళ్ళు కారుతుండగా, పెరటి దారిన చుట్టు తిరిగి వెళ్ళి గేటు వేసి వచ్చింది. ఆ గేటు మీ నాన్న కూర్చున్న చోటు నుంచి కనపడుతూనే ఉంది, బార్లా తెరుచుకుని. నువ్వు నవ్వావు. "అమ్మ అబద్ధం ఆడి తర్వాత నిజం చేస్తుంది" అన్నావు. తెలివైన మాటే. కానీ నాకు నవ్వు రాలేదు. ఒళ్ళంతా మండుకొచ్చింది. ఆ "ఆఁ, వేశా" నాది తల్లీ. ఆ మాట ముందు నా నోట్లో పుట్టింది. అక్కణ్ణుంచి నా కూతురి నోట్లోకి, అదే మీ అమ్మ నోట్లోకి, ఎలా వెళ్ళిందో నాకు తెలుసు. అది చెప్దామనే పిలిచాను.

ఈ వయసులో ఈవిడకి ఇంత కోపమేంటని అంటారు. వయసులో ఉన్నప్పుడు కోప్పడే తీరిక ఎక్కడిదీ? ఇప్పుడు దొరికింది.

నాకు కోళ్లు ఉండేవి. నీకు తెలీదు, నువ్వు పుట్టేసరికి ఆ పెరడు లేదు, ఆ ఇల్లూ లేదు. మా అక్క ఇచ్చిన కోళ్లు అవి. ఒకసారి మా ఇంటికి వస్తూ బుట్టలో ఒక పెట్టను, దాని పిల్లల్ని పెట్టుకుని తీసుకొచ్చింది. "ఆ ఇంట్లో ప్రతి వస్తువూ వాళ్ళదేనే. నీదంటూ ఒక్కటైనా ఉండాలి, కనీసం అరిచేదైనా" అంది. మా అక్క మాటలు అలాగే ఉండేవి. మా అత్తగారు గుమ్మంలోనే ముక్కు మూసుకున్నారు. "ఈ కంపు నేను భరించలేను" అన్నారు. గుడ్లు పెట్టడం మొదలయ్యాక మాత్రం కంపు సంగతి ఎత్తడం మానేశారు. ఇవాళ ఎన్ని పెట్టాయి, నిన్నటికన్నా తగ్గాయేం, అని మాత్రం అడిగేవారు.

కోళ్లను పెంచడం పెద్ద పని కాదు. అవి గింజలేరుకుంటాయి, మట్టిలో పొర్లుతాయి, కొట్లాడుకుంటాయి, మళ్ళీ కలిసిపోతాయి. వాటిని కాపాడుకోవడమే పని. పైనుంచి గద్ద, గోడమీంచి పిల్లి, నేలలోంచి ముంగిస, రాళ్ళ సందులోంచి పాము. కోడి రుచి తెలియని ప్రాణి లోకంలో ఉందా అనిపించేది. మొదట్లో గద్ద రెండు కోడిపిల్లల్ని తన్నుకుపోయింది. నేను అరుస్తూ పరిగెత్తేలోపు అది నీరెండలో చుక్కంత అయిపోయింది. ఆ పూట మీ తాతయ్య అన్న మాట నాకిప్పటికీ జ్ఞాపకం. "రెండు కోడిపిల్లల్నే చూసుకోలేనిదానివి, ఇల్లేం చూసుకుంటావు?" ఇల్లు చూసుకుంటూ ఉండబట్టే కదయ్యా కోడిపిల్లని చూసుకోలేకపోయాను! అప్పుడు నేను లోపల నీ చొక్కా ఉతుకుతున్నాను! ఈ మాట నేను పైకి అనలేదు. చొక్కాని ఇంకాస్త గట్టిగా బండకేసి బాదాను.

తర్వాత నేర్చుకున్నాను. చిరిగిపోయిన వల ఒకటి సంపాదించి పెరడు మీద ఆ గోడ నుంచి ఈ గోడకి కట్టాను. దానికి డబ్బా మూతలు వేలాడదీశాను, గాలికి తళుక్కుమని గద్దకి కళ్ళు చెదిరేలా. పిల్లి కోసం గూడు నాలుగువైపులా ఇనుప జాలీ బిగించాను. ముందు పెద్ద కన్నాల జాలీ తెచ్చాను. పిల్లి అందులోంచి చెయ్యి దూర్చి పుంజు తోక పీకింది. అది విప్పేసి సన్న కన్నాలది వేశాను. రాత్రిపూట మేత లోపల ఉంచకూడదని కూడా తెలిసింది. మేత ఉంటే ఎలుకలొస్తాయి, ఎలుకలొస్తే వాటి వెనకే పాములొస్తాయి.

ఇక ముంగిస. అది తవ్వుతుంది. గూడు మొదట్లో రాళ్ళు పేరిస్తే రాళ్ళ కింద నుంచి తవ్వింది. మా అక్క వచ్చి చూసి, "ఒసేయ్, అది గోడ దగ్గరికొచ్చి గోడ మొదట్లోనే తవ్వుతుంది. జాలీని కిందకి పాతకు. గూటి అడుగు నుంచి బయటికి చాపలా పరిచి పైన మట్టి కప్పు. అది తవ్వితే జాలీ తగులుతుంది. రెండడుగులు వెనక్కి వెళ్ళి తవ్వుదామన్న ఆలోచన దానికి రాదు" అంది. నిజంగానే రాలేదు. తెల్లారి చూస్తే గూటి చుట్టూ గోకిన గుర్తులు, లోపల కోళ్లు మహారాణుల్లా. ఆ రోజు నేను ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఎవరితో చెప్పుకోను? కోళ్లతోనే చెప్పుకున్నాను.

ఆ గూడు నేను కట్టాను తల్లీ. పాత బీరువా చెక్కలు, ఇటుకలు, మేకులు, అన్నీ నేనే. బొటనవేలు చితికి గోరు ఊడిపోయింది, ఇదిగో చూడు, ఇప్పటికీ ఈ గోరు వంకరే. మీ తాతయ్య ఆఫీసులో గుమాస్తా కదా, తోటి గుమాస్తాలు ఇంటికొస్తే పెరట్లోకి తీసుకెళ్ళి గూడు చూపించేవారు. "జాలీ కిందకి పాతకూడదండీ, బయటికి పరవాలి. ముంగిస బుర్ర అంతవరకే పనిచేస్తుంది" అని మా అక్క మాటల్ని మా అక్క గొంతుతో సహా చెప్పేవారు. వాళ్ళు "అబ్బ, భలే ఆలోచించారే" అనేవారు. నేను టీ గ్లాసులు పట్టుకుని వెనక నిలబడి ఉండేదాన్ని. ఒకాయన నా వేలికున్న కట్టు చూసి "ఏమైందమ్మా?" అని అడిగితే, "ఆవిడకి చేతిలో పని నిలవదండీ, ఎప్పుడూ ఏదో ఒకటి తగిలించుకుంటుంది" అన్నారు మీ తాతయ్య. అందరూ నవ్వారు. ఎవరికైనా నవ్వు ఎలా వస్తుందో నాకిప్పటికీ అర్థం కాదు.

గూటి తలుపుకి గడియ పెట్టాను, దానిమీద కొక్కెం. ఉత్త కొక్కెమైతే పిల్లి మూతితో లేపేస్తుంది. గడియ జరిపి కొక్కెం తగిలిస్తే ఇక ఏ జంతువుకీ సాధ్యం కాదు. పొద్దు వాలేసరికి కోళ్లు వాటంతట అవే గూట్లోకి వెళ్ళిపోతాయి. తరమక్కర్లేదు, పిలవక్కర్లేదు. చుక్కలది, కుంటిది, నల్లది, పుంజు, ఒకదాని వెనక ఒకటి, బడి విడిచిన పిల్లల్లా. ఒక్కటి మాత్రం మాట వినేది కాదు. గుడ్లు పెట్టడం మానేసి చాన్నాళ్ళయినా మిగతావాటి నెత్తిమీద పొడుస్తూ తిరిగేది. దానికి 'పెద్దావిడ' అని పేరు పెట్టాను. ఒకసారి మా అత్తగారు విని, "దాన్ని పెద్దావిడ అంటావేమిటే?" అని అడిగారు. "వయసులో పెద్దది కదండీ" అన్నాను. ఆ పూట ఆవిడ గుడ్ల లెక్క అడగలేదు.

అందుకని చేయవలసిందల్లా ఇంతే. పొద్దు వాలాక పెరట్లోకి వెళ్ళడం, గడియ జరపడం, కొక్కెం తగిలించడం. ఎవరైనా చేయగలరు. కానీ ఆ ఇంట్లో ఎవరూ చేయలేదు. మీ తాతయ్య ఆఫీసు నుంచి వచ్చి వరండాలో పడక్కుర్చీలో వాలేవారు. ఆ కుర్చీ నుంచి పెరడు ఎంత దూరం? మధ్యలో వంటిల్లు, అంతే. సరిగ్గా చీకటి పడే వేళకి ఆ కుర్చీలోంచి ఒక కేక. "గూడు తలుపేశావా?" నేను వంటింట్లోంచి "ఆఁ, వేశా" అనేదాన్ని. వేసి ఉంటే వేసినట్టు. వేయకపోతే 'ఆఁ' అనేసి పరిగెత్తి వేసేదాన్ని. ఎందుకంటే 'లేదు' అంటే ఆ తర్వాత వినాల్సినవి ఉంటాయి. "అదొక్కటైనా గుర్తుండదా? రోజూ నేనే గుర్తుచేయాలా?" నిజం చెప్పొద్దూ, ఆయన దృష్టిలో ఆ గూడుని కాపాడుతున్నది ఆయనే. రోజూ అడుగుతున్నారు కదా! అడగడం ఆయన పని. మిగతాది నా పని.

ఆ తలుపు వల్ల నా సాయంత్రాలన్నీ పోయాయి. పెరట్లో నీడ పొడుగవుతుంటే ఎక్కడున్నా నా కాళ్ళు వాటంతట అవే ఇంటివైపు తిరిగేవి. పక్కింట్లో కుట్టుపని చేసుకునే ఆవిడ ఉండేది, నాకు మంచి స్నేహం. "ఏమ్మా, పొద్దు వాలగానే గూట్లోకి పోయేది నీ కోళ్లా, నువ్వా?" అని ఎగతాళి చేసేది. నవ్వేదాన్ని. నవ్వి ఇంటికొచ్చేదాన్ని.

అలా ఉండగా మా అక్క జబ్బుపడింది. పిల్లలు లేరు, బావగారు అప్పటికే పోయారు. ఊరికి అవతలి చివర ఆసుపత్రిలో చేర్చారు. ఆ వార్డులోకి చూడ్డానికి వచ్చేవాళ్ళని సాయంత్రం పూటే రానిచ్చేవారు. పొద్దున కాదు, మధ్యాహ్నం కాదు. వెళ్ళి కాసేపు కూర్చుని బస్సులో తిరిగొచ్చేసరికి చీకటి పడిపోతుంది. మీ తాతయ్యని అడిగాను. "వెళ్ళు, ఎవరొద్దన్నారు?" అన్నారు. నా మొహం విప్పారేలోపే, "మరి కోళ్లు?" అన్నారు. "మీరు తలుపు వేస్తారేమోనని..." అన్నాను. "నేనా? పొద్దంతా ఆఫీసులో చాకిరీ చేసొచ్చి మళ్ళీ నీ కోళ్లకి కాపలా కాయాలా? పెంచుకున్నది నువ్వు." గుడ్లు తినేటప్పుడు అవి నా కోళ్లు కావు చూడు. అప్పుడు ఇంటి కోళ్లు. అత్తగారిని అడిగాను. "నాకు చీకట్లో కళ్ళు ఆనవు తల్లీ, పెరట్లో పడి నడుం విరిగితే ఎవరు చేస్తారు నాకు?" అన్నారు. చేసేది నేనేనని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

అలా ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి. ఆ ఆసుపత్రిలో ఒక నర్సు కుట్టుపనావిడ దగ్గర బట్టలు కుట్టించుకునేది. ఒక రోజు కుట్టుపనావిడ గోడ దగ్గరికి వచ్చి పిలిచింది. "ఇదుగో అమ్మాయ్, నర్సు చెప్పింది, మీ అక్క మంచం తిప్పించుకుందట." "తిప్పించుకోవడమేంటి?" అన్నాను. "ఇదివరకు కిటికీ వైపు ఉండేదట. తలుపు వైపుకి తిప్పమని అడిగిందట. వచ్చేవాళ్ళు కనపడతారని."

నా చేతిలో ఉన్న చేట కింద పడేశాను. గింజలు చెల్లాచెదురుగా పడ్డాయి, కోళ్లు ఎగబడ్డాయి. ఆ రోజు సాయంత్రం ఎవర్నీ అడగలేదు, చెప్పాను. వంట చేసి మూతలు పెట్టాను. మీ తాతయ్య ఆఫీసు నుంచి రాగానే చెప్పాను, "నేను అక్క దగ్గరికి వెళ్తున్నాను. పొద్దు వాలాక గూడు తలుపు వేయాలి. గడియ, ఆ పైన కొక్కెం." "ఊఁ" అన్నారు. అత్తగారికి చెప్పాను. "వాడికి చెప్పావుగా" అన్నారు. మీ అమ్మకి చెప్పలేదు. అది జ్ఞాపకం పెట్టుకో తల్లీ. మీ అమ్మకి నేను చెప్పలేదు. అది అప్పటికి చిన్నపిల్ల, గడియ అందుకోవాలంటే మునివేళ్ళ మీద నిలబడాలి. ముంగిస తిరిగే పెరట్లోకి చీకటి వేళ దాన్ని పంపే ఉద్దేశం నాకు లేదు.

మా అక్క నన్ను చూసి ఏడ్చిందనుకున్నావా? "వచ్చావుటే, కోళ్లు సెలవిచ్చాయా?" అంది. సగమైపోయింది మనిషి, నోరు మాత్రం అలాగే ఉంది. జుట్టు దువ్వాను. కాళ్ళు పట్టాను. ఆ కబురూ ఈ కబురూ చెప్పుకుని ఎంత నవ్వామో, పక్క మంచం ఆవిడ కసురుకుంది. ఇంతలో వార్డు కిటికీలో వెలుగు పసుపుపచ్చగా మారింది. నాకు తెలీకుండానే లేచి నిలబడ్డాను. అక్క నా కొంగు పట్టుకుంది. "కూర్చో. కోళ్లకి ఇంటినిండా మనుషులున్నారు. నాకు నువ్వే ఉన్నావు" అంది. కూర్చున్నాను. పెళ్ళయ్యాక మొదటిసారి ఇంకొక చోట కూర్చుని చీకటి పడటం చూశాను. వెలుగు మెల్లగా గోడ మీంచి జారి, మంచాల కిందకి వెళ్ళి, పోయింది. ఎంత బాగుందో! అది చూడక ఎన్నాళ్ళయిందో!

ఇంటికొచ్చి సంచి కూడా కింద పెట్టకుండా పెరట్లోకి వెళ్ళాను. తలుపు బార్లా తెరిచి ఉంది.

ఎక్కువ చెప్పను. ముంగిస ఒకదాన్ని చంపి తిని పోయేది కాదు. దొరికితే అన్నింటినీ మెడ దగ్గర కొరికి వదిలేస్తుంది. చుక్కలది, కుంటిది, నల్లది. పుంజు తలుపుకి అడ్డంగా పడి ఉంది, పాపం అది నిలబడి కొట్లాడినట్టుంది, నేలంతా దాని ఈకలే. గూటి చుట్టూ నేను పరిచిన జాలీ చెక్కుచెదరలేదు. ఒక్క కన్నం లేదు. ఏ జంతువూ పగలగొట్టలేని గూడు కట్టాను నేను. ముంగిస దాన్ని పగలగొట్టలేదు. తలుపులోంచి నడిచి వచ్చింది.

ఎలా ఇంట్లోకి వచ్చానో తెలీదు. "గూడు తలుపు వేయలేదా?" అన్నాను. మీ తాతయ్య కుర్చీలోంచి, "వేశారే!" అన్నారు. "ఎవరు?" అన్నాను. "ఎవరేమిటి, అడిగాను కదా. గూడు తలుపేశావా అని అడిగాను. వేశానంది."

అర్థమైందా? నేను ఇంట్లో లేను. నేను ఊరికి ఆ చివర ఆసుపత్రిలో ఉన్నాను. నేను లేనని ఆయనకి తెలుసు, వెళ్ళేటప్పుడు చెప్పే వెళ్ళాను. అయినా చీకటి పడగానే ఆ కుర్చీలోంచి, రోజూ అడిగినట్టే, నేను లేని వంటింటిని అడిగారు. "ఎవర్ని అడిగారండీ? నేను లేను కదా!" అన్నాను. "అలవాటు. అడిగాను. అడగలేదని మాత్రం అనకు" అన్నారు. ఆయనకి అదే ముఖ్యం. తన పని తను చేశారు.

మరి వేశానన్నదెవరు? వంటింటి తలుపు వెనక మీ అమ్మ నిలబడి ఉంది, గోడకి అతుక్కుపోయి. ఆ సాయంత్రం అది వంటింట్లో కూర్చుని చదువుకుంటోందట. వరండాలోంచి కేక వినపడగానే పుస్తకంలోంచి తల ఎత్తకుండా "ఆఁ, వేశా" అందట. నా గొంతుతో. నేను అనే తీరులోనే. అబద్ధం ఆడాలని కాదు తల్లీ. ఆ వేళకి ఆ కేక వస్తే ఆ ఇంట్లో ఆడమనిషి ఇవ్వాల్సిన జవాబు అది, అంతే. పుట్టినప్పట్నుంచీ విన్నది. నేను లేకపోతే నా చోటు ఖాళీగా లేదు. మీ అమ్మని అప్పటికే అందులో కూర్చోబెట్టేశారు. దానికీ తెలీదు, నాకూ తెలీదు.

మీ తాతయ్య దాన్ని ముందుకి లాగారు. "ఇదిగో, నీ కూతురే! వేశానని అబద్ధమాడి చంపేసింది అన్నింటినీ! చూడు, వెళ్ళి చూడు నువ్వు చేసిన పని!" మా అత్తగారు లోపల్నుంచి, "ఆడపిల్లకి ఇప్పట్నుంచే బాధ్యత లేకపోతే ఎలా?" అన్నారు. అది "నేను చంపేశానమ్మా, పుంజుని నేను చంపేశాను" అని వెక్కిళ్ళు పెట్టింది. దాని చేయి ఆయన చేతిలోంచి విడిపించాను. ఎంత గట్టిగా విడిపించానంటే ఆయన ఒకడుగు వెనక్కి వేశారు. పిల్లని ఒళ్ళోకి తీసుకుని, "నువ్వు కాదు, నువ్వు కాదు" అని చెప్తూనే ఉన్నాను. అది వినలేదు. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళుంటే ఇద్దరు దానిమీద వేలు పెట్టి చూపించారు. నేను ఒక్కదాన్నే కదా కాదన్నది. పైగా అమ్మని. అమ్మలు ఓదార్చడానికి అలాగే అంటారని పిల్లలు అనుకుంటారు.

ఇంకా అవలేదు. భోజనాల దగ్గర మీ తాతయ్య ఏమన్నారో తెలుసా? "మెడ దగ్గరే కదా కొరికింది. మిగతాదంతా బాగానే ఉంది. పారేయడమెందుకు, రేపు కూర చేసెయ్."

కూర చేసెయ్! మా అక్క బుట్టలో పెట్టుకుని తెచ్చిన కోళ్లని. పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోతే, దాని బుగ్గలమీద చారికలు ఆరకముందే, కూర చేసెయ్. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఏది చెప్తే అది చేశాను. ఆ మాటకి మాత్రం నాలో ఏదో పుటుక్కుమంది. "చేయను" అన్నాను. అంతే అన్నాను. అరవలేదు. మీ తాతయ్య ముద్ద నోటి దగ్గర పెట్టుకుని ఆగిపోయారు. ఆయన ఆ మాట నా దగ్గర వినడం అదే మొదలు.

తెల్లారగానే గోడ వారన గొయ్యి తీసి అన్నింటినీ పాతిపెట్టాను. మట్టి కప్పుతుంటే నెత్తిమీద టపటపమని చప్పుడైంది. తల ఎత్తి చూస్తే పెద్దావిడ! గోడమీద కూర్చుని నాకేసి చూస్తోంది. అది రోజూ చివరిదాకా మొండికేసి బయట తిరిగేది కదా, ఆ రోజు గూట్లోకి వెళ్ళనేలేదు. మాట వినని ఒక్కటే బతికింది. మాట విని బుద్ధిగా పొద్దు వాలగానే లోపలికి వెళ్ళినవన్నీ చచ్చాయి. 

ఆ సాయంత్రం మళ్ళీ బయల్దేరాను. మీ తాతయ్య ఆశ్చర్యంగా చూశారు, "ఇంత జరిగాక మళ్ళీనా?" "ఇంత జరిగిందని మా అక్క మంచం మళ్ళీ కిటికీ వైపు తిరుగుతుందా?" అన్నాను. "ఇంకా ఒక కోడి ఉంది. తలుపు వేయాల్సింది మీరు. అడగాల్సింది కాదు, వేయాల్సింది." ఆయనేదో అన్నారు, నేను వినలేదు. మీ అమ్మని పక్కకి తీసుకెళ్ళి మోకాళ్ళమీద కూర్చుని చెప్పాను. "అమ్మలూ, చీకటి పడ్డాక నాన్న కేకేస్తారు. నువ్వు పలక్కు. ఆఁ అనకు, లేదు అనకు. ఏమీ అనకు." "తిడతారమ్మా" అంది. "తిట్టనీ. నేను వచ్చి చూసుకుంటాను" అన్నాను. పాపం, దాని చిన్న మొహం ఎంత గంభీరంగా పెట్టుకుని తలూపిందో.

తర్వాత జరిగింది నాకు మా అత్తగారు చెప్పారు. అవును, ఆవిడే. నేను వచ్చేసరికి గుమ్మంలో ఎదురుచూస్తున్నారు, నవ్వు ఆపుకోలేక. చీకటి పడగానే మీ తాతయ్య అడిగారట, "గూడు తలుపేశావా?" అని. జవాబు లేదు. మళ్ళీ అడిగారట, ఈసారి గట్టిగా. పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుందట. "నాకూ నోటిదాకా వచ్చిందే, 'ఆఁ, వేశారురా' అని" అన్నారు అత్తగారు. "నోరు తెరిచాను కూడా. పిల్ల నావైపు చూసింది. ఆ చూపుకి మూసేసుకున్నాను. మీ మామగారు బతికున్నన్నాళ్ళూ ఆయనకి నేను చెప్పిన జవాబు కూడా అదేనే" అన్నారు. అంటూ ఎందుకో నవ్వు ఆపేశారు. ఆవిడ నాతో మనసు విప్పి మాట్లాడింది బహుశా ఆ ఒక్కసారే.

మూడోసారి కేక రాలేదట. కుర్చీ కిర్రుమందట. మనిషి లేచి, చెప్పులు వేసుకుని, వంటిల్లు దాటి, పెరట్లోకి వెళ్ళాడట. పెద్దావిడని గూట్లోకి తరమలేక ఆ మూలకీ ఈ మూలకీ తిరిగి, చెప్పుకి రెట్ట అంటించుకుని, గడియ ఎటు జరపాలో తెలియక సణుక్కుంటూ వేసొచ్చాడట. తన చేత్తో కట్టినట్టు లోకానికంతా చూపించిన గూడు! గడియ ఎటు జరుగుతుందో తెలీదు!

అక్క పోయేదాకా నేను రోజూ వెళ్ళాను. ఎక్కువ రోజులు దొరకలేదు. దొరికిన ప్రతి సాయంత్రం ఆ వార్డులో చీకటి పడేదాకా కూర్చున్నాను. దొరకనివ్వని సాయంత్రాలు మాత్రం, ఇదిగో, ఇప్పటికీ వేళ్ళమీద లెక్కపెట్టుకుంటాను. ఏడుస్తూ కాదు.

ఇక ఇప్పుడు నిన్నెందుకు పిలిచానో విను. మీ అమ్మ ఈ కథ నీకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పదు కూడా. కోళ్లను తనే చంపానని అది ఈరోజుకీ నమ్ముతోంది. నాకు తెలుసు. పడుకోబోయే ముందు ఇంట్లో తలుపులన్నీ ఎన్నిసార్లు చూసుకుంటుందో నువ్వు చూడలేదా? తినే కంచం వదిలేసి లేచి పొయ్యి ఆర్పానా అని చూసుకుంటుంది. ఎవరేమడిగినా ముందు 'ఆఁ' అంటుంది, తర్వాత అది నిజం చేయడానికి తడి కాళ్ళతో పరిగెడుతుంది. మళ్ళీ ఎవరికీ తనమీద వేలు చూపించే అవకాశం ఇవ్వకూడదని. మూతలు వేలాడదీసి గద్దని ఆపాను, జాలీ పరిచి ముంగిసని ఆపాను. ఆ ఒక్క మాటని నా పిల్ల దగ్గరికి రాకుండా ఆపలేకపోయాను, ఆ ఇంట్లో ఇంకెవరూ ఆపలేదు.

ఆ కోళ్లను చంపింది మీ అమ్మ కాదు తల్లీ. నిజం చెప్పాలంటే ముంగిస కూడా కాదు, ఆకలేసిన జంతువుకి తెరిచిన తలుపు కనపడింది, వచ్చింది. వాటిని చంపింది ఆ కుర్చీ.

అదిగో, విన్నావా? మీ నాన్న వచ్చినట్టున్నాడు. ఇప్పుడు కూర్చుంటాడు. కూర్చున్నాక అడుగుతాడు. ష్... నీ నోరు తెరుచుకుంటోంది చూసుకో. పలక్కు. నువ్వు వెయ్యని గేటుకి నువ్వు జవాబు చెప్పకు.

వెళ్ళి మీ అమ్మ పక్కన కూర్చో. దాని చెయ్యి గట్టిగా పట్టుకో, లేచి పరిగెత్తకుండా. ఇదంతా మొదటినుంచీ చెప్పు, కుర్చీ దగ్గర మొదలుపెట్టు. నేను చెప్తే ఓదారుస్తున్నానంటుంది, నువ్వు చెప్తే నమ్ముతుంది. ఏది మర్చిపోయినా ఒక్క ముక్క మర్చిపోకు. ఆ సాయంత్రం గూడు తలుపు వేయమని నేను మీ అమ్మకి చెప్పలేదు. చెప్పింది మీ తాతయ్యకి. ఈ మాట మీ అమ్మకి చెప్పు, రేపు నీకు కూతురు పుడితే దానికీ చెప్పు, కొడుకు పుడితే వాడికి ఇంకా ముందు చెప్పు.